తెర అవుతలి దిక్కు

బేస్తారం పొద్దుగూకంగనే
డేరా ముంగట డప్పు మోగేది.
తెల్లారితే శుక్కురారం, కచేరీలకు సెలవు.
మగ్గాలకు ఏ వారమూ సెలవు లేదు గని
ఆ ఒక్క రాత్రి మట్టెవాడ, గిర్మాజిపేట, కొత్తవాడ
మూడూ లేచి స్టేషన్ రోడ్డుకు నడిచేవి.
చేతుల నీలిరంగు ఆరకముందే నేనూ పోయేదాన్ని
కొంగున అర్ధణా ముడేసుకొని.

మొగోళ్ళకు తెర ముంగట చాపలు.
అమీన్ సాబుకు కుర్చీ.
మాకు తెర ఎనుక, ఇసుకల.
నీళ్ళు చల్లి తడిపిన బట్టలకెళ్ళి
బొమ్మ మా దిక్కూ దిగేది, ఉల్టా.
మా దిక్కు రాజులందరిదీ ఎడమచేతి వాటమే.
పోశవ్వత్త వారం వారం తిట్టేది:
"ఎడమచేత్తోని అక్షింతలేస్తడేందే,
వీని నోట్ల మన్నువడ!"

బొమ్మకు మాట లేదు.
నడుమ నడుమ అక్షరాలొచ్చేవి, ఇంగిలీషో గుజరాతీయో,
మాకు ఉల్టా అయినా సీదా అయినా ఒకటే.
అందుకే తెర పక్కన కందిలి పట్టుకొని
కుసుమ బుచ్చిలింగం కథ చెప్పేటోడు.
పగలు జంపఖానా నేసుడు,
రాత్రి ఇది.
బొంబాయి రాణిని కాజీపేటల రైలెక్కిచ్చేటోడు.
సముద్రం కనవడితే
"ఈయేడు పాకాల మత్తడి దుంకింది" అనేటోడు.
ఆ మాటలు ఎక్కడియో నాకొక్కదానికే ఎరుక.
వారం పొడుగూత కండెలు చుట్టుకుంట
నేను చెప్పినయే.
ఆయన నా పెనిమిటి.

ఆ రాత్రి రాణి గుర్రాన్ని వరదల దించింది.
గుర్రం మెడదాక నీళ్ళు.
దీపం ఫట్టుమన్నది.

బొగ్గుపుల్లలు అయిపోయినయని
ఫిరోజ్ సేటు చీకట్ల మొత్తుకున్నడు.
ఎవ్వరూ లేవలే.
అర్ధణా ఇచ్చినోడు ఎట్ల లేస్తడు?
"తర్వాత ఏమాయె, చెప్పు బుచ్చిలింగం!"
బొమ్మ లేకుంటే ఆయనకు మాట అందదు.
పడుగు తెగిన మగ్గం లెక్క నిలవడ్డడు.
కందిలి వణుకుడు బట్టలకెళ్ళి కనవడ్డది నాకు.

లేచిన్నో, కూసునే అన్ననో యాదికి లేదు.
"గుర్రం మునిగింది" అన్న.
"రాణి మునగలే."

అవుతల చాపలు కదిలిన సప్పుడు.
ఇన్ని రోజులు వాళ్ళు బొమ్మను చూసిన్రు.
ఇప్పుడు నడుమ బొమ్మ లేదు,
అంతమంది మొగోళ్ళ మొఖాలు మా దిక్కే ఉన్నయి.
నా గొంతు ఎండింది. అయినా చెప్పిన.
రాణి ఒడ్డెక్కింది, తడిచీర పిండుకున్నది,
సిరోంచ అడవిల కట్టెలు గొట్టేటోళ్ళను
రొట్టె అడిగింది.
"రొట్టె యాడిదే, గటక!" అన్నది పోశవ్వత్త.
పక్కకెళ్ళి ఖాదర్‌బీ నా చెయ్యి గుంజింది:
"గుర్రాన్ని బతికియ్యి.
మా ఇంటాయనది టాంగా.
గుర్రం చస్తే పిల్లలేం తింటరు?"
సరే, గుర్రం దగ్గింది. నీళ్ళు కక్కింది.

అప్పుడు బూట్ల సప్పుడు.
"ఇజాజత్ ఇచ్చింది బొమ్మకు.
ముచ్చటకు గాదు.
నలుగురు కూడి మాట్లాడితే జల్సా అయితది,
జల్సాకు కాయితం వేరే."

డేరాల ఒక పసిపిల్ల ఏడ్చి ఊకున్నది.
అమీన్ సాబు నిలవడే ఉన్నడు.
చానసేపటికి, తగ్గిన గొంతుతోని,
"లేచి నిలవడ్డదా మరి, గుర్రం?"

తెల్లారి ఠాణా బుక్కుల ఏం రాసిండో
మొహరీరు భార్య బావి కాడ చెప్పింది:
"దీపం ఆరినది. ఏమియు కనపడలేదు."

పై బేస్తారం కొత్త బొగ్గుపుల్లలొచ్చినయి.
రాణి మళ్ళ వరదల దిగింది.
అవుతలి ఒడ్డుకు
గుర్రమొక్కటే ఎక్కింది, జీను ఖాళీ.
ముందుగాల ఖాదర్‌బీ అరిచింది,
ఆమె ఎనుక డేరా డేరా అరిచింది:
"తప్పు! గట్ల గాలే!"
ఫిరోజ్ సేటు పరేషానై యంత్రం తిప్పుడు ఆపిండు.
బుచ్చిలింగం కందిలి కిందవెట్టి
తెర దిక్కు చూసిండు.

ఇసుక దులుపుకొని నేను లేచిన.